జిరాక్సు దుకాణంలో తెరిచి ఉన్న నా ఫోన్

ఆమె పేరు ఇక్కడ రాయను. ఊరి పేరు కూడా రాయను. తిరుమలగిరి దిక్కున, కాలువ దగ్గరే ఉన్నా నీళ్లు సరిగ్గా ఎక్కని మెట్ట ఊళ్లలో అదొకటి. ఆమె పేరు ఒకసారి నా వల్ల ఊరంతా తిరిగింది. రెండోసారి తిరగకూడదు.

నేను ఆ ఊరి సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంను. తెలంగాణ వచ్చిన కొత్తలో అక్కడికి పోస్టింగు వచ్చింది. పిల్లలకు టీకాలు, గర్భిణుల లెక్క, బీపీ గోళీలు, జ్వరాల సర్వే. ఊళ్లోవాళ్లు నన్ను సిస్టరమ్మ అనేవాళ్లు. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే ఇద్దరిలో ఒకతి. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. భర్త తాపీ పనికి బొంబాయి పోయి, జ్వరాలతో తిరిగి వచ్చి, ఆర్నెల్లు మంచంలో ఉండి చనిపోయాడు. ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు, ఈమె అడగలేదు. రెండేళ్ల తర్వాత ఈమె చిక్కిపోవడం మొదలైతే నేనే నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. రక్తపరీక్షలో హెచ్ఐవీ అని తేలింది.

అక్కడి కౌన్సెలర్ నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పింది. రోజూ గోళీలు వేసుకుంటే అందరిలాగే బతకవచ్చని, వంట చేసినా, పక్కన కూర్చొని తిన్నా ఎవరికీ అంటదని. ఆమె అంతా విని, చివరికి నా వైపు తిరిగి ఒకే మాట అడిగింది.

"ఊళ్లె తెలుస్తదా, సిస్టరమ్మా?"

"తెల్వది. ముగ్గురికే తెలుసు. ఈ మేడానికి, నాకు, నీకు," అన్నాను.

ఆ మాట కౌన్సెలర్ ఇవ్వలేదు. నేనే ఇచ్చాను.

బిడ్డకు కూడా పరీక్ష చేయించాం. ఆ పిల్లకు ఏమీ లేదు. గురుకులం హాస్టల్లో చదువుకుంటోంది. ఆ రిపోర్టు చేతిలో పెట్టినప్పుడు ఆమె దవాఖాన మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆ తర్వాత మాత్రం గట్టిపడింది. గోళీల సీసా మీది కాగితం గీకేసి, గోళీలను పాత కొబ్బరినూనె డబ్బాలో పోసుకునేది. నల్లగొండ పోయే రోజు ఊళ్లో బిడ్డను చూడడానికి పోతున్నానని చెప్పేది. ఏడాది తిరిగేసరికి ఒళ్లు చేసింది. బడిలో పిల్లలు ఆమె పప్పు కోసం రెండోసారి వచ్చేవాళ్లు.

ఆమెకు రాయడం రాదు. ఏమన్నా అడగాలంటే ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేది. గోళీలు అయిపోవస్తున్నాయని, రాత్రి తల తిరిగిందని, ఈ నెల ఏ తారీఖున పోవాలని. నేను కూడా గొంతుతోనే జవాబు చెప్పేదాన్ని. ఒకసారి, భర్త చనిపోయిన రోజు తిరిగి వచ్చినప్పుడు, నాలుగు నిమిషాల మెసేజ్ పెట్టింది. అందులో సగం ఏడుపే. తనకు ఈ జబ్బు ఎట్లా వచ్చిందో తెలిసి కూడా ఆ మనిషి మీద కోపం రావడం లేదని, అదే తనకు సిగ్గుగా ఉందని చెప్పింది. అట్లాంటి మాట ఎదురుగా కూర్చుని ఎవరూ చెప్పలేరు. నేను దాన్ని విని, మరునాడు ఆమె ఇంటికి పోయి కూర్చొని వచ్చాను. మెసేజ్ మాత్రం ఫోన్‌లోనే ఉంది. తీసేయాలన్న ఆలోచనే రాలేదు.

మాది మగ్గం నేసే ఇల్లు. నూలుకు రంగు అంటకూడని చోట ముడులు కట్టడాన్ని చిటికి కట్టడం అంటారు. బాపు కొత్త డిజైనుకు చిటికి కట్టేటప్పుడు తలుపు దగ్గరికి వేసేవాడు. పక్కింటివాళ్లు వస్తే లేచి, ఆ చట్రం మీద దుప్పటి కప్పి, అప్పుడు మాట్లాడేవాడు. చీర మగ్గం దిగేదాకా ఆ పువ్వు ఎట్లా ఉంటుందో అమ్మకు కూడా తెలిసేది కాదు. ఒక పువ్వు కోసం అంత జాగ్రత్త పడే ఇంట్లో పెరిగిన నేను, మనుషుల జబ్బులు, ఏడుపులు జేబులో వేసుకుని తిరుగుతూ ఏ దుప్పటీ కప్పలేదు.

కరోనా తర్వాత మా పని సగం ఫోన్‌లోకి వచ్చింది. మండలం గ్రూపు, టీకాల గ్రూపు, ఆశా వర్కర్ల గ్రూపు. ప్రతి నెలాఖరుకు రిపోర్టులు ప్రింటు తీసి ఆఫీసులో ఇవ్వాలి. మండల కేంద్రంలో, బస్సులు ఆగే చౌరస్తాలో ఒక జిరాక్సు దుకాణం ఉండేది. మొదట్లో ఆ దుకాణం నంబరుకు ఫైళ్లు పంపేదాన్ని. ఒకరోజు పెద్ద ఫైలు పోక ఇబ్బంది పడుతుంటే దుకాణమాయన, "ఫోన్ ఇటియ్యున్రి మేడం, ఒక్క నిమిషం," అని తీసుకున్నాడు. కంప్యూటర్ తెర మీద నల్లచుక్కల చతురస్రం ఒకటి వచ్చింది. నా ఫోన్ కెమెరాను దానికి ఎదురుగా పట్టుకున్నాడు. నా మెసేజీలన్నీ ఆ తెర మీదికి వచ్చాయి. కావలసిన ఫైలు నొక్కి ప్రింటు తీసి, ఫోన్ నా చేతికి ఇచ్చాడు. తెర మీది పేజీని మూసేశాడు. పేజీ మూస్తే అంతా మూసుకుపోయినట్టే అనుకున్నాను.

మరుసటి నెల పోయినప్పుడు ఫోన్ ఇవ్వబోతే వద్దన్నాడు. "మీది ఓపెనే ఉంది మేడం. ఫోన్ లేకున్నా నడుస్తది."

ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే, విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. ఎండలో వచ్చినదాన్ని, పని తొందరగా అయిపోయింది కదా అనుకున్నాను. అట్లా దాదాపు ఏడాది నడిచింది. నేను ఊళ్లలో తిరుగుతూ ఎవరితో ఏం మాట్లాడినా, చౌరస్తాలో ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్లకు కనిపించేది, వినిపించేది.

వానాకాలంలో ఒకరోజు కౌన్సెలర్ మెసేజ్ పెట్టింది. రక్తపరీక్ష తేదీ దాటిపోయింది, దవాఖానలో ఆమెకు ఇచ్చిన మందుల పుస్తకం ఫొటో పంపమని. ఆమె ఆ పుస్తకాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి భయపడి నా దగ్గరే ఉంచింది. సబ్‌సెంటర్ బల్ల మీద పెట్టి, గాలికి కాగితం లేవకుండా బొటనవేలితో నొక్కిపట్టి ఫొటో తీశాను. పంపాను. బీరువాలో పుస్తకం పెట్టి తాళం వేశాను.

రెండు వారాల తర్వాత బడికి ఇద్దరు తల్లులు వచ్చి పిల్లలను అన్నం వేళకు ఇంటికి తీసుకుపోయారు. మరునాడు ఇంకొందరు. నాలుగో రోజు వండిన అన్నం సగం గిన్నెలోనే మిగిలింది. పిల్లలకు ఎందుకో తెలియదు, తల్లులు తినొద్దన్నారని మాత్రం తెలుసు. ఆమె మిగిలిన అన్నం మీద మూత పెట్టి, పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేను బడికి పోయినప్పుడు నన్ను చూసి చూపు తిప్పుకుంది. అంతకుముందు అట్లా ఎన్నడూ చేయలేదు.

హెడ్‌మాస్టరు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. తలుపు వేసి, అడగకూడని మాటే అడుగుతున్నానంటూ అడిగాడు. ఆమెకు ఆ జబ్బు ఉందా అని. ఎవరి జబ్బు గురించీ నేను చెప్పనని, చెప్పకూడదని అన్నాను. అప్పుడాయన తన ఫోన్ నా ముందు పెట్టాడు.

"ఊళ్లె అందరి దగ్గర ఉన్నది మేడం గిది. నాకు గూడ ఎవరో పంపిన్రు."

ఆమె పుస్తకం. పేరు, వయసు, నంబరు, వేసుకునే గోళీలు. కింద ఎడమవైపు మూలకు ఒక బొటనవేలు. అంతకు నెల ముందు తలుపు సందున పడి నా గోరు నల్లబడింది. ఫొటోలో ఆ నల్లగోరు స్పష్టంగా ఉంది. దాని కింద సబ్‌సెంటర్ బల్ల మీది నీలిగళ్ల గుడ్డ.

హెడ్‌మాస్టరు నా చేతి వైపు చూసి, మళ్లీ ఫోన్ వైపు చూశాడు. నేను చేతిని కొంగులో దాచుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు నేను తప్పు చేయని మనుషులను అనుమానించాను. మొదట కౌన్సెలర్‌కు ఫోన్ చేసి నిలదీశాను. ఆమె తన ఫోన్ నుంచి ఎక్కడికీ పోలేదని ప్రశాంతంగానే చెప్పింది కానీ నొచ్చుకున్నట్టు గొంతులో తెలిసింది. తర్వాత మా ఆశా వర్కర్ మీద పడ్డాను. ఆమెది ఆ ఊరే, సబ్‌సెంటర్ తాళం ఆమె దగ్గర కూడా ఉంటుంది. నా ఫోన్ ఎప్పుడన్నా తీశావా అని పదిమందిలో అడిగాను. ఆమె టీకాల డబ్బా కింద పెట్టి వెళ్లిపోయింది. తర్వాత ఆమె ఇంటికి పోయి తప్పయిందని చెప్పాను. ఆమె నీళ్లు ఇచ్చింది. కానీ ఆ తర్వాత నాతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

సంగతి తెలిసింది పీహెచ్‌సీలో. అక్కడ కంప్యూటర్ పని చూసే అమ్మాయి నా బాధ విని ఫోన్ అడిగింది. యాప్ తెరిచి, పైన మూలనున్న మూడు చుక్కలు నొక్కి, ఇంకో మాట నొక్కింది. ఈ ఖాతా ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపించే జాబితా అది. అందులో ఒక కంప్యూటర్ ఉంది. ఆ రోజు పొద్దున పది దాటాక వాడినట్టు ఉంది.

"ఇది మీదేనా మేడం?"

నాకు కంప్యూటరే లేదు. జిరాక్సు దుకాణానికి పోయి మూడు వారాలైంది.

ఆ అమ్మాయికి అర్థమైంది. నాకు అర్థం కావడానికి ఇంకొంత సేపు పట్టింది. అన్నీ కనిపిస్తాయా అని అడిగాను. కనిపిస్తాయంది. గొంతుతో పంపినవి కూడా వినవచ్చా అని అడిగాను. వినవచ్చంది. ఆ అమ్మాయి వేలు అక్కడే ఆపి నా మొహం చూసింది. నేను తల ఊపితే ఆ కంప్యూటర్‌ను తీసేసింది. ఒక్క నొక్కు. అంతే పని. దానికి ఏడాది ఆలస్యమైంది. ఆ తర్వాత ఆరంకెల పిన్ పెట్టించింది. నంబరు ఎవరి చేతికి పోయినా ఆ పిన్ లేకుండా ఖాతా తెరుచుకోదని, ఫోన్‌కు వచ్చే కోడు ఎవరడిగినా చెప్పొద్దని, యాప్‌కు తాళం వేసుకోమని, వచ్చిన ఫొటోలు గ్యాలరీలోకి దిగకుండా ఆపుకోమని చెప్పింది. నేను ప్రతిదానికీ సరే అంటున్నాను. నా చెవుల్లో ఆమె నాలుగు నిమిషాల ఏడుపు వినిపిస్తోంది.

దుకాణానికి పోయాను. దుకాణమాయన కాగితాలు లెక్కపెడుతూ తల ఎత్తలేదు. తను చూడలేదన్నాడు. ప్రింట్ల కోసం వచ్చినవాళ్లే కంప్యూటర్ ముందు కూర్చుంటారని, ఎవరు తెరిచారో, ఎవరు ఫొటో తీసుకున్నారో తనకెట్లా తెలుస్తుందన్నాడు. నేను గొంతు పెంచితే అప్పుడు తలెత్తాడు.

"మీ ఫోన్ మీరే బంద్ చేసుకోవాలె గద మేడం. నేను దాచిన్నా? ఓపెన్ ఉన్నదని మీకు చెప్పిన."

చెప్పాడు. అది నిజమే. బయటికి వచ్చేశాను.

పోలీస్ స్టేషన్‌కు కూడా పోయాను. నా ఫిర్యాదు కాగితం తీసుకున్నారు. కానీ అసలు నష్టపోయింది ఆమె కాబట్టి ఆమె వచ్చి చెబితే కేసు బలంగా ఉంటుందన్నారు. ఆమె మళ్లీ పేరు, ఊరు, జబ్బు చెప్పుకోవాలి. ఆ మాట ఆమెను అడిగే ధైర్యం నాకు అప్పటికి లేదు. దానికి ముందు చెప్పవలసింది ఇంకొకటి ఉంది.

మరునాడు పొద్దున ఆమె ఇంటికి పోయాను. బడికి రావొద్దని అప్పటికే చెప్పేశారు. కొన్నాళ్లు ఆగమన్నారు, అంతే. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. లోపలికి రమ్మనలేదు. నేను గడప దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. నేను ఎవరికీ చెప్పలేదని, కానీ నా ఫోన్ నుంచే పోయిందని, దుకాణంలో కంప్యూటర్ ఏడాదిగా తెరిచే ఉందని, తప్పు నాదేనని. ఆమెకు కంప్యూటర్ సంగతి అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పబోయాను. చేట కింద పెట్టింది.

"నా గొంతు గూడ ఇన్నరా?"

"ఇని ఉండొచ్చు చెల్లె."

"గా దినం నేను ఏడ్సింది?"

అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు. ఆమె బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. తర్వాత చాలా మెల్లగా అంది.

"రోగం తెలిస్తె తెలిసింది సిస్టరమ్మా. రోగం దాచుకునేది గాదు, ఎన్నడో ఒకనాడు బయటపడ్తదనే అనుకున్న. గా మాటలు నేను నా తల్లికి గూడ చెప్పలే. నీకొక్కదానికే చెప్పిన."

పోలీసుల మాట ఎత్తాను. వద్దంది. నా దగ్గరున్న పుస్తకం ఇచ్చేయమంది. సబ్‌సెంటర్‌కు వచ్చి, బీరువా ముందు నిలబడి తీసుకుపోయింది. ఆ ఫోన్‌లో తన గొంతు ఉన్నవన్నీ తన ముందే తీసేయమంది. ఒక్కొక్కటీ నొక్కి తీసేశాను. చివరిది పోయేదాకా తెర మీదికి వంగి చూసింది. అవి ఇంకెవరి దగ్గరన్నా మిగిలి ఉన్నాయో లేదో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

హాస్టల్‌కు కూడా మాట చేరింది. పక్క పిల్ల తన దుప్పటి జరుపుకుందని బిడ్డ ఇంటికి వచ్చేసింది. మా పీహెచ్‌సీ డాక్టరు గారు హాస్టల్‌కు పోయి నచ్చజెప్పారు. ఊళ్లో మీటింగు పెట్టి, ఆ జబ్బు ఎట్లా వస్తుందో, ఎట్లా రాదో చెప్పారు. జనం వచ్చారు, విన్నారు, తలలు ఊపారు. ఆమె ముట్టిన గిన్నెలని, మరునాడు కూడా పిల్లలు ఇంటికే పోయి తిన్నారు. దీపావళి పోయాక ఒక పొద్దున తల్లీబిడ్డా రెండు సంచులతో ఊరు విడిచిపోయారని ఆశా వర్కర్ చెప్పింది. పని మాటలాగే చెప్పింది.

నాకు మెమో వచ్చింది. ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. దేవరకొండ దిక్కుకు బదిలీ అయింది. మండలం మీటింగులో నర్సులకు చెప్పమని డాక్టరు గారు అంటే లేచి నిలబడి జరిగింది చెప్పాను. ఆమె గురించి కాదు, నా గురించి. ఫోన్లు తీసి ఆ జాబితా చూసుకోమన్నాను. కొందరు ఆఫీసు కంప్యూటర్లు, ఎన్నడో పోయిన నెట్ సెంటర్లు దొరికితే నాలుక కరుచుకుని తీసేసుకున్నారు. నా ముందు వరుసలో ఒకామె మాత్రం జాబితా చూసి కదల్లేదు. ఏముందని పక్కామె అడిగితే, ఇంట్లో లాప్‌టాప్ అంది. తను ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదట. వాళ్లాయనది. ఆమె దాన్ని తీసేయలేదు. ఫోన్ సంచిలో వేసుకుని, మీటింగు అయ్యేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. తీసేస్తే ఇంట్లో ఏమవుతుందో ఆలోచిస్తోందని నాకు అనిపించింది. అడగలేదు.

ఊరు విడిచాక ఆమె నంబరు పనిచేయడం మానేసింది. గోళీలు మానేసిందేమోనన్న భయం నన్ను విడిచిపెట్టలేదు. ఒకసారి నల్లగొండ పోయినప్పుడు కౌన్సెలర్‌ను కలిశాను. ఆమె వేరే సెంటర్‌కు మారిందా, మందులు తీసుకుంటోందా, అదొక్కటి చెప్పమన్నాను. కౌన్సెలర్ నా చేతి మీద చెయ్యి వేసి, చెప్పకూడదు సిస్టర్ అంది. కోపం రాలేదు. సరేనని లేచి వచ్చేశాను.

నిరుడు మహబూబ్‌నగర్‌లో శిక్షణ ఉంటే, బస్సు మారడానికి జడ్చర్లలో దిగాను. పొద్దున షిఫ్టు వేళ. మందుల ఫ్యాక్టరీ బస్సు కోసం ఒకే రంగు కోటులు వేసుకున్న ఆడవాళ్లు పదిమంది దాకా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఆమె ఉంది. చిక్కిపోలేదు. పక్కామెతో ఏదో చెబుతూ నవ్వుతోంది. గోళీలు మానలేదు అనుకున్నాను. రెండడుగులు ముందుకు వేశాను.

ఆమె నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. మెడలో వేలాడుతున్న ఐడీ కార్డును చేత్తో పట్టుకుని, దాని మీది అక్షరాలు నాకు కనపడకుండా కోటు లోపలికి దోపుకుంది.

నేను ఆగిపోయాను. పిలిస్తే పక్కనున్నవాళ్లు నేనెవరని ఆమెను అడుగుతారు. నర్సమ్మ అని చెప్పాలి, ఏ ఊరి నర్సమ్మ అంటే ఇంకొకటి చెప్పాలి. వెనక్కి తిరిగి, సోడా బండి అవతలికి పోయి నిలబడ్డాను. ఫ్యాక్టరీ బస్సు వచ్చి అందరినీ ఎక్కించుకుని పోయేదాకా అటు చూడలేదు.